అద్దంలో చూసుకోని నోరు

మాస్కు మీద మాస్కు వేసుకున్నా ఏం లాభం, కుళ్ళిన చిగుళ్ళ కంపుకి ఈ గుడ్డముక్కలు ఓ లెక్కా, ఛీ, పొద్దున్న తిన్నది గొంతులోకి వస్తోంది, అందులోనూ ఈ నోరు దారినపోయేవాడిది కాదు, సాక్షాత్తూ మామగారిది, రోజూ తన ఎదురుగా కూర్చుని అన్నం తినే నోరు, అమ్మాయ్ అని పిలిచి తను ఊపిరి బిగబట్టి ఊఁ అనేలా చేసే నోరు, పేరుకి తను చిగుళ్ళ డాక్టరు, ఇంటి చిగుళ్ళే ఇలా తగలడ్డాయి, తను బిగించిన ఇంప్లాంటు పన్ను పక్కన పరికరం మొన ఇలా ఆనించిందో లేదో అలా లోపలికి జారిపోయింది, వెనకే చీము, దాని వెనక రక్తం, నర్సు కూడా మొహం చిట్లించింది, ఎముక ఇంకొంచెం కరిగిందంటే ఈ పన్ను పీకెయ్యడమే, మళ్ళీ ఇంకోటి బిగించడానికి అక్కడ చోటే మిగలదు.

ఎంత ఓపిగ్గా పెట్టింది, తొందరగా పెట్టెయ్యమ్మా అని ఆయన ప్రాణం తోడేస్తున్నా వినకుండా, ముందు చిగుళ్ళు శుభ్రం చేసి, వాపు తగ్గి, రక్తం ఆగేదాకా కాచుకుని, అప్పుడు కదా ఎముకలోకి స్క్రూ దించింది, దీని చుట్టూ రోజూ తోముకోవాలి మామయ్యా, సందుల్లో ఈ చిన్న బ్రష్షు ఆడించాలి అని ప్లాస్టిక్ పళ్ళ బొమ్మ మీద చిలక్కి చెప్పినట్టు చెప్పింది, ఆయన బుద్ధిగా తలూపాడు, తీరా ఇప్పుడడిగితే, కొత్త పన్ను కదమ్మా, బ్రష్షు తగిలితే వదులైపోతుందేమోనని దాని జోలికే పోలేదు అంటాడు, విన్నారా సంబడం, దర్జీ కదా, కొత్త చొక్కా మడత విప్పకుండా దాచుకున్నట్టు పన్నుని దాచుకున్నాడట, ఒళ్ళు మండిపోతోంది.

ఇలా కాదు, ఈసారి ఆయన నోట్లోనే నేర్పాలి, ఒక చేతికి అద్దం, ఒక చేతికి బ్రష్షు ఇచ్చి చూసుకుంటూ తోమండి మామయ్యా అంది, అద్దం మొహం దాకా వచ్చిందో లేదో ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, కళ్ళు తెరవండి, అబ్బే ఇలా వచ్చేస్తుందిలే, తెరవకపోతే సందు ఎలా కనబడుతుంది మామయ్యా, బ్రష్షు గాల్లోనే ఆగిపోయింది, వద్దమ్మా, నేను చూడలేను, వదులవుతుందని ఊరికే అన్నాను, దాన్ని ముట్టుకోవాలంటేనే నాకు కడుపులో తిప్పుతుంది, నువ్వంటే మొహం తిప్పుకుంటావు, నేనెక్కడికి తిప్పుకోనూ.

అంటే ఆయనకి తెలుసన్నమాట, భోజనాల దగ్గర తను కుర్చీ జరుపుకోవడం, ఊపిరి బిగబట్టడం, అన్నీ తెలుసు, అందుకేనా మనవరాలు మీదికెక్కి ముద్దుపెట్టబోతే బుగ్గ అటు తిప్పేస్తాడు, తనేమో బద్ధకం అనుకుంది, మొండితనం అనుకుంది, వాసన ఇప్పుడూ అలాగే ఉంది, ఓకరింతా అలాగే ఉంది, అయినా ఆయన చేతి మీద చెయ్యి వేసి బ్రష్షుని ఆ చీములోకే మెల్లిగా నడిపించింది, ఈ నోటిని తనకన్నా ఎక్కువ అసహ్యించుకుంటున్నది ఈయనే.