మందలో కలిసిన గొర్రెలు

గొర్రెల దొడ్డి కట్టడం పూర్తయిన రోజు ఈశ్వరి ఫోన్ చేసింది. పెనుకొండ ఆఫీసులో నాగజ్యోతి ఎత్తింది.

"అయిపోయింది మేడమ్. తడికెలు గూడా కట్టేసినా. గొర్రెలు ఎప్పుడిస్తారు?"

"జనవరిలో ఆడిట్ ఉంది ఈశ్వరీ. అది అయిపోతే రెండో విడత డబ్బు వస్తుంది. ఫిబ్రవరి అనుకో."

"నేను హిందూపురంలో పని మానేసినా మేడమ్. మీరు చెప్పినారనే."

"వస్తాయి," అంది నాగజ్యోతి.

ఈశ్వరిది ముదిగుబ్బ రోడ్డు మీద గుట్టకిందపల్లి. భర్త చనిపోయాక కూతుర్ని తల్లి దగ్గర వదిలి హిందూపురంలో గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయింది. మూడేళ్లు చొక్కాలకు కాలర్లు కుట్టింది. నెలకోసారి ఊరికి వచ్చేది. పోయినేడు నాగజ్యోతి పనిచేసే సంస్థవాళ్లు రెండో విడతకు రాసుకున్న పద్నాలుగు మంది పేర్లలో ఆమె పేరు ఉంది. ఒక్కొక్కరికి నాలుగు గొర్రెలు. సంస్థ విదేశాలది, డబ్బు ఇచ్చే దాత మరో దేశంలో ఉంటాడు. దాత పెట్టిన షరతు ఒకటి: గొర్రెలు రావాలంటే ముందు దొడ్డి ఉండాలి, అది ఆడమనిషి తన ఖర్చుతో కట్టుకోవాలి. ఈశ్వరి కట్టుకుంది.

మొదటి విడతలో అదే ఊర్లో తొమ్మిది మందికి ఇచ్చారు. మొత్తం ముప్పై ఆరు గొర్రెలు. ప్రతి గొర్రె చెవికి నంబరున్న పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ వేశారు. బిళ్ళతో సహా ఫోటో తీశారు. గొర్రె కొన్న రసీదు, ఫోటో, బిళ్ళ నంబరు ఈ మూడూ కలిస్తేనే ఆ ఖర్చును దాత ఖర్చుగా ఒప్పుకుంటాడు. కలిపి పంపడం నాగజ్యోతి ఉద్యోగం. రోజూ ధర్మవరం నుంచి రైల్లో వచ్చి ఆ పని చేసేది. ఏడేళ్లలో ఆమె పంపిన లెక్క ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆడిట్‌కు వారం ముందు, సంస్థ తరఫున ఊర్లు తిరిగే దేవేంద్ర ఆఫీసుకు వచ్చాడు. హెల్మెట్ తీయకుండానే కూర్చున్నాడు.

"గుట్టకిందపల్లిలో గొర్రెలన్నీ ఉండాయి మేడమ్," అన్నాడు. "బిళ్ళలు లేవు."

"ఎన్ని లేవు?"

"అన్నీ."

మర్నాడు ఇద్దరూ వెళ్లారు. మొదటి విడతలో గొర్రెలు తీసుకున్న గంగక్క ఇంటి వసారాలో ఇనుప తీగ వేలాడుతోంది. దానికి బిళ్ళలు గుచ్చి ఉన్నాయి. నాగజ్యోతి లెక్కపెట్టింది. ముప్పై ఆరు.

"మా మామ కోసినాడు మేడమ్," అంది గంగక్క. "ఒకటి గూడా పారేయలేదు."

గంగక్క మామ నరసప్ప గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. ఊర్లో మందలకు పూజ చేసేది ఆయనే. దీపావళి మర్నాడు మందలన్నిటినీ ఒకచోటికి తోలి, నేల మీద పసుపునీళ్లు చల్లి దాని మీదుగా ఇంటింటి మందను దాటిస్తారు. దాటే ముందు ప్రతి గొర్రె ఎడమ చెవి చూస్తారు. చెవి అంచున కోసిన ఆ ఇంటి గాట్లు ఉండాలి. వేరే గుర్తు ఉంటే దాన్ని దాటనివ్వరు. దారితప్పి వచ్చిన గొర్రె అయితే దాని సొంతదారు ఎవరో వెతికి అప్పజెప్పాలని అలా పెట్టుకున్నారు.

"బిళ్ళ ఉంటే పరాయిది అవుతాది గదమ్మా," అన్నాడు నరసప్ప. "ఇచ్చినప్పుడు మీరేమన్నారు? ఇంక మీవే, మీ ఇంటివే అన్నారు. మా ఇంటివైతే మా గాట్లు ఉండల్ల. బిళ్ళ తీసినా, గాట్లు పెట్టినా, దాటించినా. తప్పేముండాది?"

"తప్పు లేదు తాతా. మేమిచ్చినవి ఏవో చూపిస్తావా?"

నరసప్ప మంద వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"కలిసిపోయినాయి. ఇంటికి వచ్చిన కోడల్ని నువ్వు యాడనుంచి వచ్చినావని రోజూ అడుగుతామా?"

"నన్ను మాత్రం రోజూ అడుగుతాడు," అంది గంగక్క. దేవేంద్ర నవ్వాడు.

నాగజ్యోతి ఆలోచించింది. గొర్రెలు అమ్మలేదు, చావలేదు. బిళ్ళలు పోలేదు. జరిగింది జరిగినట్టు చెబితే ఆడిటర్ వివరణ అడుగుతాడు. వివరణ రాయవచ్చు. అంతకుముందు వేరే జిల్లాలో బిళ్ళలు ఊడిపోయినప్పుడు అలాగే సర్దుకుంది.

"ఆయన వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి," అంది. "ఈ తీగ చూపించండి. భయపడొద్దు."

గంగక్క వాళ్లను రోడ్డు దాకా సాగనంపింది. ఈశ్వరి కూడా వచ్చింది.

"బిళ్ళలు చెవుల్లోనే ఉండింటే బాగుండేదా మేడమ్?" అంది గంగక్క.

"ఉండుంటే ఈ గొడవే లేకుండేది," అంది నాగజ్యోతి. ధర్మవరం బస్సు వస్తుంటే చెయ్యెత్తింది.

ఆడిటర్ పేరు తిమ్మరాజు. బెంగళూరులో ఒక ఆడిట్ కంపెనీలో పని చేస్తాడు, సొంతూరు అమరాపురం. జీపు దిగుతూనే గంగక్క ఇచ్చిన మజ్జిగ తాగి, మంద బాగుందని అన్నాడు. ఫోన్లో దాత ఇచ్చిన యాప్ తెరిచాడు. బిళ్ళ నంబరు కొడితే కొన్నప్పటి ఫోటో వస్తుంది. పక్కనే ఇప్పటి ఫోటో తీయాలి.

మందల్లోంచి ముప్పై ఆరు గొర్రెలు వరసగా వచ్చాయి. ప్రతిదాని ఎడమ చెవికీ పసుపు బిళ్ళ ఉంది. రెండు గాట్ల సందున ఎర్రదారం కట్టి బిళ్ళను వేలాడదీశారు. ఆడవాళ్లు తెల్లవారుజామునే లేచి కట్టారు. ఈశ్వరి కూడా కట్టింది.

నాగజ్యోతి దేవేంద్ర వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. అతనికీ తెలియదు.

తిమ్మరాజు మొదటి బిళ్ళ నంబరు కొట్టాడు. ఫోటోలో నల్ల ఆడగొర్రె. ఎదురుగా ఎర్ర పొట్టేలు.

"ఏమక్కా, ఫోటో తీసినప్పుడు ఇది ఆడది. ఇప్పుడు కొమ్ములొచ్చినాయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గంగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండో నంబరుకు ఫోటోలో ఈనిన గొర్రె ఉంది, ఎదురుగా మూడు నెలల పిల్ల ఉంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

"బిళ్ళలు ముప్పై ఆరు ఉండాయి సార్," అంది గంగక్క. "కావాలంటే లెక్కపెట్టుకోండి. ఏ చెవికి ఏదని మాకు తెల్దు. ఉండల్లంటే కట్టినాము."

"ఎవరు కట్టమన్నారు?"

గంగక్క నాగజ్యోతి వైపు చూడలేదు. "ఎవురూ అన్లేదు. మేమే. మేడమ్‌కు మాట రాకూడదని."

మధ్యాహ్నం దాకా తిమ్మరాజు బిళ్ళలు పక్కనపెట్టి గొర్రెల ముఖాలను పాత ఫోటోలతో పోల్చి చూశాడు. అవి కొన్నప్పుడు చాలావరకు చిన్నవి. అప్పటినుంచి రెండుసార్లు బొచ్చు కత్తిరించారు. పదకొండు కుదిరినట్టు అనిపించాయి. అనిపించాయని రాయడానికి యాప్‌లో చోటు లేదు.

రోడ్డు పక్క హోటల్లో టీ తాగేటప్పుడు నాగజ్యోతి అడిగింది.

"డబ్బు ఎక్కడికీ పోలేదని మీకు తెలుసు కదా?"

"తెలుసు మేడమ్. మా తాతవి గూడా గొర్రెలే. దుడ్లు తిన్నోళ్లు మజ్జిగిచ్చి మందను ముందుకు తోలరు."

"మరి?"

"బిళ్ళలు తీగకే ఉండింటే గుర్తింపు పోయిందని రాసేవాణ్ణి. మీరు ఒక లెటర్ ఇచ్చేవాళ్లు, అయిపోయేది. ఇప్పుడు ఒక గొర్రె బిళ్ళ ఇంకోదానికి కట్టి చూపించినారు. దానికి దాత దగ్గర వేరే పేరుండాది."

"ఆ పేరు రాయకుండా ఉండలేరా?"

"ఫోటో తీయంగానే పోతాది మేడమ్. నేను ఇంటికి పోయేలోపల వాళ్లు చూసేసింటారు." గ్లాసు కింద పెట్టాడు. "తీగకు వదిలేసింటే సాలు. ఏంటికి కట్టినారో."

నాగజ్యోతికి ఆ రోజు బస్సు వస్తుంటే తను అన్న మాట గుర్తుంది.

ఆ వారం ఆమె నాలుగు పేజీల వివరణ రాసింది. దీపావళి మర్నాటి పూజ, గాట్లు, బిళ్ళ ఎందుకు తీశారు, ఎందుకు కట్టారు అన్నీ రాసింది. బిళ్ళలు ఉండుంటే గొడవ లేకుండేదని ఊరివాళ్లతో తానే అన్నానని కూడా రాసింది. సంస్థ బెంగళూరు ఆఫీసులో ఆ వాక్యం తీసేసి మిగతాది దాతకు పంపారు.

ఫిబ్రవరి చివర జవాబు వచ్చింది. స్థానిక ఆచారం గురించి తెలియజేసినందుకు కృతజ్ఞతలు చెప్పారు. ముప్పై ఆరు గొర్రెల ఖర్చు ఒప్పుకోబోమని, ఆ మొత్తం తిరిగి కట్టాలని, రెండో విడత ఇవ్వబోమని రాశారు. వ్యవహారం ముగిసేదాకా ఆ తొమ్మిది మందల నుంచి ఒక్క జీవాన్నీ బయటికి పంపకూడదని చివర ఒక వాక్యం ఉంది. గ్రాంటు గడువు మార్చి ముప్పై ఒకటి. ఆ తేదీ తర్వాత పెట్టే ఖర్చు ఏదైనా చెల్లదు.

నాగజ్యోతి బెంగళూరుకు ఫోన్ చేసింది. రెండో విడత పద్నాలుగు మంది ఏ బిళ్ళా కోయలేదు, వాళ్లవి ఎలా ఆపుతారు అని అడిగింది. గ్రాంటు ఒకటే అన్నారు. కనీసం దొడ్ల ఖర్చు ఇద్దామంది. అది వాళ్ల వాటా, మన లెక్కలో లేదు అన్నారు. లెక్కలో అలా చూపించింది నాగజ్యోతే.

మార్చి రెండో వారంలో గుట్టకిందపల్లికి వెళ్లింది. దేవేంద్ర ముందే ఊరికి చెప్పి ఉన్నాడు. ఈశ్వరి దొడ్డి దగ్గరే ఉంది. రాతి కట్టు, పైన రేకు, నీళ్లకు సిమెంటు తొట్టి. నేల ఊడ్చి ఉంది. తడికెకు వేపమండలు కట్టి ఉన్నాయి.

"నాకు గొర్రే ఇయ్యలేదు గదా మేడమ్," అంది ఈశ్వరి. "నేనేం బిళ్ళ కోసినా?"

"నువ్వేం చేయలేదు."

"బిళ్ళలు కట్టేకి చెయ్యి సాయం పట్టినా. అందుకా?"

"అందుకు కాదు."

"మరి ఎందుకు?"

నాగజ్యోతికి కారణం తెలుసు. జవాబులో రాసి ఉన్నది మొత్తం తెలుసు. అది ఈశ్వరికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు.

"సోమవారం హిందూపురానికి పోతాండా," అంది ఈశ్వరి. "నా మిషన్ ఇంకొకరికి ఇచ్చేసినారు. దారాలు కత్తిరించేకి తీసుకుంటామన్నారు. జీతం తక్కువ. పాపకు ఇంకా చెప్పలా."

అంతలో నరసప్ప వచ్చాడు. వెంట తాడుతో ఒక గొర్రె ఉంది. చూలుది.

"పట్టుకో పాపా," అని తాడు ఈశ్వరికి అందించబోయాడు. "నేను చేసిన పనికి నీకు పోయినాయి. దీన్ని పెట్టుకో. ఈనితే రెండు అవుతాయి."

"తాతా, మంద నుంచి ఏదీ బయటికి పోకూడదని రాశారు," అంది నాగజ్యోతి.

"అది మీరిచ్చినవాటికి. ఇది నాది."

"మేమిచ్చినవి ఏవో తెలీదన్నావు కదా."

"నాకు తెల్దు, మీకూ తెల్దు. అందుకే నాది అంటాండా."

"నీదే అని చెప్పేకి లేదు తాతా."

"అయితే మీదా?"

"అట్ల కూడా చెప్పేకి లేదు."

నరసప్ప గొర్రె చెవి మడిచి చూశాడు. రెండు గాట్లు ఉన్నాయి. గాట్ల మధ్య బిళ్ళ వేసినప్పటి కన్నం కావచ్చు, ముల్లు గీసుకున్నది కావచ్చు, ఒక మచ్చ ఉంది.

"మరి ఎవురిదమ్మా ఇది?" అన్నాడు.

ఈశ్వరి తడికె పైకెత్తి పట్టుకుంది. "ఒకటైనా లోపల ఉంటే మా అమ్మ చూసుకుంటాది మేడమ్. దొడ్డి కట్టినందుకు. తోలమంటారా, వద్దంటారా?"

తోలితే ఆ సంగతి ఏప్రిల్‌లో పంపే చివరి రిపోర్టులో రాయాలి. రాస్తే గంగక్క మంద మీద ఇంకో మాట పడుతుంది. రాయకపోతే, మళ్లీ లెక్కకు వచ్చే మనిషికి దొడ్లో గొర్రె కనపడుతుంది.

"రాసి అడుగుతాను," అంది నాగజ్యోతి.

"ఎవర్ని?"

ఆమె దాత ఉండే దేశం పేరు చెప్పింది.

"జవాబు ఎప్పుడొస్తాది?"

"గడువు అయిపోయినాక."

ఈశ్వరి తడికె దించలేదు. నరసప్ప తాడు వదల్లేదు. గొర్రె మెడ సాచి తడికెకు కట్టిన వేపమండ అందుకుని నమలసాగింది. ముగ్గురూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.