మీసం దువ్వేంత సేపు

లివా ఎడారి ఇసుకలో ముసబ్బిహ్ గారి పాత టర్బో బండి గురించి వినని మనిషి లేడు. వినిపించకుండా ఆయన ఎవరినీ వదిలిపెట్టలేదు కదా! తొక్కగానే కదలడం దాని ఇంటా వంటా లేదు. ముందు తొక్కాలి, బిస్మిల్లా అనాలి, మీసం దువ్వుకోవాలి. అప్పుడు లోపలెక్కడో ఈల మోగుతుంది. ఆపైన వెనకనుంచి ఎవరో తన్నినట్టు దూకుతుంది.

ఆ ఈల వింటే కొడుకు ఖల్ఫాన్‌కి ఒళ్లు మంట. అతను కొన్న కొత్త బండికి టర్బోలు రెండు. కాలు ఆనీ ఆనకముందే పరుగు. ఆ గొప్ప పొద్దున గహ్వా కాఫీ తాగుతూ మొదలుపెడితే రాత్రి భోజనం దాకా చెబుతాడు. తండ్రికి తగ్గ కొడుకే మరి.

శుక్రవారం ముసబ్బిహ్, ఖల్ఫాన్, పక్కింటి బూ హారిబ్ రెండు బండ్లలో పెద్ద ఇసుక దిబ్బ దగ్గరికి వెళ్లారు.

"నాన్నా, ఆ తుక్కును ఇంకెన్నాళ్లు మోస్తావ్? నా బండిని దిబ్బ నెత్తిన నిలబెట్టు చూద్దాం. నిలబెడితే నీ బండి జోలికి రాను. లేదంటే దాని తాళం ఇచ్చెయ్, రేపే అమ్మిపారేస్తా."

"ఒరేయ్, నువ్వు పాలు తాగేటప్పుడే ఈ దిబ్బ ఎక్కినవాణ్ణి. ఇటు తే!"

ముసబ్బిహ్ అలవాటు తప్పలేదు. కింద నుంచే గట్టిగా తొక్కి, బిస్మిల్లా అని, మీసం మీదికి చెయ్యి పోనిచ్చారు. కొత్త బండికి మీసాల మర్యాద ఏం తెలుసు, పాపం! చెయ్యి మీసాన్ని చేరేలోపు బండి దిబ్బ దాటి, గాల్లోకి లేచి, అవతలి గుంటలో ముక్కు గుచ్చుకుని కూలబడింది.

ఆయనకేమీ కాలేదు, తలగుడ్డ ఊడిందంతే. నడుచుకుంటూ వచ్చి, పాత బండి తాళం కొడుకు చేతిలో పెట్టారు. వేళ్లు మాత్రం వెంటనే వదల్లేదు.

"భేష్. ఇప్పుడు నీ రెండు టర్బోలను బయటికి లాగేదెవరయ్యా?" అన్నాడు బూ హారిబ్.

ఖల్ఫాన్ పాత బండిని గుంట దగ్గరికి తెచ్చి, తాడు కట్టి, తొక్కాడు. కదల్లేదు. కాలు తీసి మళ్లీ తొక్కాడు, మళ్లీ తీశాడు.

"చచ్చింది నాన్నా ఇది!"

"చావలేదురా. నీకే ఓపిక చచ్చింది."

ఇంకాస్త కుస్తీ పట్టి, చివరికి దిగి తండ్రికి తలుపు తీసి పట్టుకున్నాడు. ముసబ్బిహ్ తొక్కారు, బిస్మిల్లా అన్నారు, తీరిగ్గా మీసం దువ్వుకున్నారు. ఈల మోగింది. తాడు బిగిసింది. కొత్త బండి ఇసుక కక్కుకుంటూ బయటపడింది.

ఖల్ఫాన్ వచ్చి పక్కన కూర్చుని ఇంజిను ఆపబోతే చేతి మీద ఒక్కటేశారు.

"వేడి మీద ఆపితే టర్బో పోతుంది. కాసేపు చల్లారనీ."

"కొత్తవాటికి ఆ గోల లేదు నాన్నా."

"అవునురా, వాటికి దేనికీ ఆగక్కర్లేదు." ఆయన స్టీరింగును ఒకసారి నిమిరారు. "ఇది ఆపాక తాళం నీదే. ఆడిన మాట తప్పను."

ఇద్దరూ కూర్చున్నారు. ఇంజిను గురగురలాడుతూనే ఉంది. చివరికి ముసబ్బిహ్ తాళం మీద చెయ్యి వేశారు.

"చల్లారింది."

ఖల్ఫాన్ ఆ చెయ్యి పట్టి పక్కకు పెట్టాడు.

"ఎక్కడ నాన్నా, ఇంకా కాలుతోంది" అని చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు.