పన్నుతో కలిపి

ఆ నెల ఏజెన్సీ బిల్లులో ఒక కొత్త వరుస వచ్చింది, సేవా పన్ను అని. పెద్దావిడ కొడుకు దాని మీద వేలు పెట్టి, "ఇదేంటి సిస్టర్?" అన్నాడు. నేను నర్సుని కాను. మంచాన పడ్డవాళ్లను చూసుకోవడానికి ఏజెన్సీ పంపే మనిషిని. అయినా అన్ని ఇళ్లలోనూ నన్ను సిస్టర్ అనే అంటారు. పిలుపుకి ఖర్చేముంది?

"నాకేం తెలుసు సార్, మా ఏజెన్సీ మేడమ్‌ని అడగండి" అన్నాను.

అడిగాడు. అతను ఓ కంపెనీలో లెక్కలు చూసే మనిషి, పన్ను సెక్షన్లన్నీ నోటికి వచ్చు. "సర్వీస్ ఇచ్చేది మీరు, సంపాదించేది మీరు. పన్ను మాత్రం నేను కట్టాలా?" అని ఫోన్లోనే కడిగేశాడు. మా ఏజెన్సీ మేడమ్ తక్కువదా? "మేం గవర్నమెంటుకి చేరవేసేవాళ్లమే సార్. సేవ పొందినవాళ్లే భరించాలి" అంది. సేవ పొందే మనిషి ఆ పక్కనే, గాలి పరుపు మీద పడుకుని, నా వేలు పట్టుకుని అంతా వింటోంది.

ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలోనే గడిచింది. ఎవరెవరి మాటలో కలిపిన మనిషికి పక్షవాతం వచ్చి తన మాట పోయింది. మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటే. నా వేలు ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు. "మీ అబ్బాయి గెలుస్తాడా అమ్మా?" అని చెవిలో అడిగాను. రెండుసార్లు నొక్కి, కదిలే సగం నోటితో నవ్వింది.

మర్నాడు మేడమ్ నాకు ఫోన్ చేసింది. "బ్యాగు సర్దుకుని వచ్చెయ్. పన్ను కట్టేదాకా ఆ గడప తొక్కొద్దు."

"మరి ఆవిణ్ణి ఎవరు తిప్పుతారు మేడమ్?"

"వాళ్లమ్మను వాళ్లు తిప్పుకోలేరా? ఏజెన్సీకి తెలీకుండా వెళ్లావనుకో, ఇంకో ఇల్లు చూపించను."

నా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ మేడమ్ చూపించే ఇళ్ల మీదే. ఒళ్లు మండినా బ్యాగు సర్దుకున్నాను.

వెళ్లేముందు కొడుకుని పిలిచి అన్నీ చూపించాను. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. వీపు తడిగా ఉండకూడదు. "అన్నిటికంటే ముఖ్యం ఈ మోటారు సార్. పరుపులో గాలి మారుస్తూ ఉండేది ఇదే. ఆపొద్దు." అతను ఫోన్ చూసుకుంటూ తలూపాడు. పెద్దావిడ నా వేలు వదల్లేదు. నేనే ఒక్కొక్క వేలూ విడదీసుకోవలసి వచ్చింది.

కొడుకుకీ మేడమ్‌కీ పంతం పట్టుకుంది. అతను సెలవు పెట్టి తల్లి మంచం పక్కనే కూర్చుని ఉత్తరాలు రాశాడు. మేడమ్ వాటికి జవాబులు రాయించింది. వేరే ఏజెన్సీకి వెళ్లినా పన్ను తప్పదు కాబట్టి, రేపో మాపో మేడమే దిగొస్తుందని అతని నమ్మకం. నేను ఫోన్ చేసినప్పుడల్లా, "తిప్పుతున్నాం సిస్టర్, బానే ఉంది" అనేవాడు. నమ్మాలనిపించింది, నమ్మాను.

వారం దాటాక పన్ను చెరి సగం కట్టుకోవాలని ఒప్పందం కుదిరింది. మేడమ్ నన్ను పిలిచి, తన సగం నా జీతంలో పట్టుకుంటానంది. "సర్వీస్ ఇచ్చేది నువ్వే కదా!" అని నవ్వింది కూడా. నా బుర్రంతా ఆ వీపు మీదే ఉంది.

గదిలోకి అడుగు పెట్టగానే వాసన తెలిసింది. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఆ వాసన వేరే చెప్పక్కర్లేదు. మోటారు చప్పుడు లేదు. పరుపు గాలి పోయి మంచానికి అంటుకుపోయి ఉంది. మోటారు తీగ కింద వేలాడుతోంది. గోడకున్న ఒక్క ప్లగ్గులో అతని ల్యాప్‌టాప్ పెట్టి ఉంది.

"రండి సిస్టర్! సెటిలైపోయింది. ఇక ఎవరికీ ఎవరం బాకీ లేం" అన్నాడు అతను.

"మోటారు ఎప్పుడు తీశారు సార్?"

"ఉత్తరం రాసుకుంటుంటే చార్జింగ్ అయిపోయిందండీ. మళ్లీ పెట్టాననే అనుకున్నా..."

పెద్దావిణ్ణి మెల్లగా పక్కకి తిప్పాను. దుప్పటి వీపుకి అతుక్కుపోయి వచ్చింది. నడుము కింద నా పిడికిలి పట్టేంత గొయ్యి. అడుగున తెల్లగా కనబడింది ఎముకే. ఎన్నో పుండ్లు చూశాను గానీ, అంత లోతుది చూడలేదు.

"ఇటు రండి సార్" అన్నాను.

"నేను చూళ్లేను సిస్టర్, నాకు అలాంటివి..."

"రండి! మీ కోసం ఆ పన్ను మీ అమ్మ కట్టింది, మీరు చూడాలి."

వచ్చాడు. చూశాడు. గోడ దగ్గరికి వెళ్లి, ల్యాప్‌టాప్ తీగ పీకి మోటారు తీగ పెట్టాడు. పరుపు మెల్లగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. నేను ఆవిడ చేతిలో నా వేలు పెట్టి, "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాను. ఒక్కసారీ నొక్కలేదు, రెండుసార్లూ నొక్కలేదు. కళ్లు మాత్రం కొడుకు మీదే ఉన్నాయి.

డాక్టరు వచ్చి, విషం రక్తంలోకి పాకిందన్నాడు. నెల తిరక్కుండానే ఆవిడ పోయింది.

నేను పనిచేసిన ఆ కొద్ది రోజులకీ మేడమ్ బిల్లు పంపింది, పన్నుతో కలిపి. కొడుకు మొత్తం కట్టేశాడు. ఎవరు కట్టాలని ఈసారి అడగలేదు.