పేరు తెలియని రంగుకాడలు

మొయినాబాద్ మిషన్ బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పే సరోజమ్మకు తెలియనిదేదైనా కంటబడితే, అదేమిటో తేలేదాకా అన్నం సహించదు. ఆ సంగతి తెలిసే కాబోలు, తన దేశానికి వెళ్లిపోతున్న దవాఖాన నర్సమ్మ ఒక విత్తనాల పొట్లం ఆమె చేతిలో పెట్టి, "చలికాలంలో పెంచి చూడు" అని నవ్వి ఊరుకుంది. పేరు చెప్పలేదు.

వాముకన్నా సన్నటి గింజలు. దసరా సెలవుల్లో పగిలిన కుండలో మెత్తటి మన్ను పోసి చల్లింది. మూడు వారాలు ఏమీ లేదు. ఇక పారబోద్దామనుకున్న పూట సన్నటి మొలకలు కనిపించాయి. వేలెడు ఎదిగాక బావి పక్కన తడి ఆరని చోట నాటింది.

పొరుగింటి అంతమ్మ గోడ మీంచి చూసి, "కొత్తిమీరనే గదనే" అని తేల్చేసింది.

జనవరికల్లా కాడలు బొటనవేలంత లావయ్యాయి. ఒకదానిది తీగబచ్చలి ఎరుపు, ఇంకోదానిది నిమ్మపండు పసుపు, మరోదానిది లేత గులాబి.

"కొత్తిమీర గిట్ల రంగులేసుకుంటదా అవ్వా?" అని సరోజమ్మ అంతమ్మను అడిగింది.

"విషపు చెట్టేమోనే, నోట్ల పెట్టకు!"

అది 1969. అప్పటికే ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్డెక్కారు. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. తీరిక దొరికిన సరోజమ్మకు ఆ మొక్కలే లోకమయ్యాయి. ఆకు నలిపి వాసన చూసేది, కొరకబోయి భయంతో ఆగిపోయేది.

కిరాణా కొట్టు వీరేశం ఒక దారి చెప్పాడు. పట్నంలో పెద్ద హోటల్లో ముప్పై ఏళ్లు వంట చేసిన స్వామిదాసు, గొడవల మూలాన హోటల్ మూసేయడంతో చేవెళ్లలో ఇంటిపట్టునే ఉన్నాడట. మర్నాడు వీరేశం సరుకుల బండి అటే పోతోంది. సరోజమ్మ మూడు కాడలు తడిగుడ్డలో చుట్టుకుని ఎక్కింది.

స్వామిదాసు వాసన చూసి, ఆమె వారించేలోగా ఎర్రకాడను కసుక్కున కొరికాడు.

"సెలరీ! సూపుల ఏస్తం టీచరమ్మా. తెల్లయి, పచ్చయి ఎన్నో కోసిన గని, ఎర్రది ఎన్నడు చూడలె. చెట్టు యాడున్నది? నాకు చూపియ్యాలె."

అదే బండిలో వచ్చాడు. మొదలంటా పీకకుండా బయటి కాడలను మాత్రం కింద కోయాలని, నడిమి లేత కాడలను వదిలితే మళ్లీ ఎదుగుతాయని చూపించాడు.

"వండితే రంగు ఉంటదా అన్నా?" అడిగింది సరోజమ్మ.

"నాకు తెల్వదు. చూద్దాం."

అంతమ్మ కూడా వచ్చి చేరింది. పొయ్యి ముందు ముగ్గురూ గిన్నెలోకి వంగారు. పసుపు నిలిచింది. ఎరుపు మెల్లగా నీళ్లలోకి దిగి వెలిసిపోయింది. స్వామిదాసు ముఖం చిన్నబోయింది. అంతమ్మ మాత్రం ఒక చెంచాడు చప్పరించి, "వాము, కొత్తిమీర పెండ్లి చేసుకున్నట్టున్నది. జర కారమే లేదు" అంది.

అతను పకపకా నవ్వి, పచ్చి కాడలు తరిగి ఉప్పుకారం చల్లాడు. విషమన్న అంతమ్మే అందరికన్నా ఎక్కువ నమిలింది.

బస్సులు మళ్లీ తిరిగాక స్వామిదాసు పనికి పోతూ ఓ కట్ట పట్టుకెళ్లాడు. హోటల్ వంటవాళ్లు నమ్మలేదట. రంగు పూశాడేమోనని గోటితో గోకి చూశారట.