ఓడకి రెండే గడులు

భూమ్మీద ఉన్న నీళ్ళలో ముప్పాతిక వంతు తనకు చుట్టరికమనీ, మిగతా పాతికతో ముఖపరిచయం ఉందనీ బాబీ చెప్పుకునేవాడు. కొల్లేటి లంకలో పుట్టినవాడికి నీళ్ళ రంగు చూస్తే చాలు, ఒడ్డు ఎంత దూరమో తెలిసిపోతుందట. కళ్ళు మూసుకుని గెడ వేసినా దోనె తనంతట తానే దారి కనుక్కుంటుందట. ఆ మాట నమ్మి అతని వదిన ఇందు, పుట్టింటివాళ్ళతో కలిసి కొల్లేటికోట అమ్మవారి దర్శనానికని అతని దోనె ఎక్కింది. బాబీ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గెడ వేసి, కిక్కిస గడ్డిలోంచీ గుర్రపుడెక్కలోంచీ దోనెను నడిపించి, చివరికి అందరినీ ఎక్కిన రేవులోనే దించాడు. ఆ సంగతి తెలిసేలోపే ఇద్దరు ముసలమ్మలు రేవు పక్కనున్న ఐసు ఫ్యాక్టరీ గోడకు భక్తిగా దణ్ణం పెట్టేశారు.

"దీవెన మాత్రం చల్లగా తగిలింది కదండీ," అన్నాడు బాబీ. ఇందు చాలాకాలం అతనికి కూర వడ్డించలేదు.

అలాంటివాడు ఒక సముద్రం గురించి మాట ఇచ్చాడు.

ఆ సముద్రం ఫోనులో ఉంది. బాబీ కైకలూరులో చేపల మేత కొట్టులో పనిచేస్తాడు. అభిషేక్ తాడేపల్లిగూడెంలో మంచం మీద ఉంటాడు. ఏలూరులో పాలిటెక్నిక్ చదివినన్నాళ్ళూ ఇద్దరిదీ ఒకే బెంచీ. నిరుడు వానల్లో భీమడోలు దగ్గర అభిషేక్ తోలుతున్న చేపల వ్యాను బోల్తా కొట్టి, అతని వెన్ను దెబ్బతింది. నడుం కింద కాళ్ళు మాట వినడం మానేశాయి. డాక్టర్లు "చూద్దాం" అన్నారు. వాళ్ళు చూడ్డం మానేసి కూడా చాలాకాలమైంది.

మిగిలింది ఆట. అందులో ఒకరు తమ వంతు ఆడి పంపితేగానీ రెండోవాళ్ళు ఆడలేరు. పటమంతా గడులు, ఎవరి పటం వాళ్ళకే కనిపిస్తుంది. చూడని గడులన్నీ నల్లగా ఉంటాయి, ఓడ పక్కకి వస్తేనే తెరుచుకుంటాయి. ఓడ ఒక వంతుకు రెండే గడులు కదులుతుంది. ముదురు నీలం అంటే లోతు. అక్కడ వంతు ముగిస్తే ఓడ బలం కొంత తరుగుతుంది, బలమంతా అయిపోతే మునుగుతుంది. లేత నీలం నీళ్ళలో ఎన్నాళ్ళు ఆగినా ఏమీ కాదు. మంచం మీద అంగుళం కదలలేని మనిషి ఆ సముద్రం మీద మాత్రం రోజూ రెండు గడులు కదిలేవాడు.

"వాడు అన్నం తినేది నీ వంతు కోసం కాచుక్కూర్చున్నప్పుడే బాబీ," అనేది అభిషేక్ తల్లి కాంతం. "లేకపోతే గోడకేసి తిరిగి పడుకుంటాడు."

స్నేహితులిద్దరూ ఒక పక్షం, కంప్యూటర్ నడిపే ఎర్రజెండాలు రెండో పక్షం. బాబీ రాజ్యం ఎప్పుడో పోయింది. సముద్రం అందని ఒక కొండకోట మాత్రం మిగిలింది. ఒక ఆదివారం అతను గణపవరం మీదుగా బస్సెక్కి గూడెం వెళ్ళేసరికి అభిషేక్ ఫోను గుండెల మీద బోర్లించి ఉన్నాడు.

"అయిపోయిందిరా. నా ఊళ్ళన్నీ పట్టేసుకున్నారు. మిగిలిన జనాన్ని ఓడెక్కించాను. ఎటెళ్ళాలో తెలీదు. ముంచేసి మూసేద్దాం."

మూసేద్దామన్నది ఒక్క ఆటని కాదని బాబీకి అర్థమైంది. అతని నోరు మెదడుని అడక్కుండానే తెరుచుకుంది.

"ముంచడమేంట్రా? పడమటికి పోనీ. నా ఓడ చూసొచ్చింది. పేద్ద నేల."

"నిజంగా చూశావా?"

"చూడ్డమేంటి, దిగాను. తాటిచెట్లు, కొబ్బరిచెట్లు. మనిషన్నవాడు లేడు. ఒక గేదె మాత్రం ఎదురొచ్చి 'భోంచేసి వెళ్ళండి బాబూ' అంది."

అభిషేక్ నవ్వాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. కాంతం గుమ్మందాకా వచ్చి, ఆ నవ్వు విన్నది నిజమో కాదో చూసుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

బాబీ ఓడ చూసింది ముదురు నీళ్ళ నడుమ నాలుగు లేత నీలం గడులు. వాటిని అందుకోకముందే బలం అయిపోయి మునిగింది. అయినా తను పూర్తిగా అబద్ధమాడుతున్నానని బాబీ అనుకోలేదు. కొల్లేట్లో నీళ్ళు పలచబడితే కిక్కిస వస్తుంది, కిక్కిస దాటితే మెరక, మెరక మీద లంక, లంకలో ఎవరో ఒకరు టీ ఇస్తారు. పుట్టి బుద్ధెరిగాక అతను చూసిన నీళ్ళన్నీ ఇలాగే నడుచుకున్నాయి.

అప్పుడే వ్యాయామం చేయించే జాయ్సీ వచ్చింది. ఆమె సంచిలో కాళ్ళకి కట్టి నిలబెట్టే క్యాలిపర్లు ఎన్నాళ్ళనుంచో ఉన్నాయి. అభిషేక్ వాటిని ముట్టనివ్వలేదు. ఇలాగే పడుకుంటే మోకాళ్ళు బిగిసిపోతాయని, ఆ తర్వాత ఇక నిలబెట్టడం ఎవరివల్లా కాదని ఆమె కాంతానికి చెప్పే ఉంది.

"జాయ్సీ గారూ," అన్నాడు అభిషేక్, "మా ఓడ ఒడ్డెక్కిన రోజు అవి కట్టండి. నేనూ లేస్తాను. అందాకా కాళ్ళు వంచడం వరకూ చేద్దాం."

"ఓడేంటండీ?"

"మాదేనండి," అన్నాడు బాబీ. "గాలి అనుకూలిస్తే భోజనాల వేళకి వచ్చేస్తుంది."

ఓడ పడమటికి సాగింది. రోజూ ఒక వంతు, రోజూ రెండు గడులు, రోజూ కొంచెం బలం తక్కువ. రోజూ మోకాళ్ళు కొంచెం ఎక్కువ వంగేవి. ఒకనాడు మేత బస్తాల మధ్య ఉండగా బాబీకి ఫోనొచ్చింది.

"లేత నీళ్ళకి వచ్చానురా. చుట్టూ అన్నీ తెరుచుకున్నాయి. నేలేది?"

బాబీ చేతిలో బస్తా కింద పెట్టేశాడు. కిక్కిస లేదు, మెరక లేదు. సముద్రం నడిమధ్య ఉత్త పలచటి నీళ్ళు, దేనికీ పక్కన లేకుండా. ఇలాంటి నీళ్ళు కూడా ఉంటాయని అతనికి ఎవరూ చెప్పలేదు. అక్కడే ఆగు అంటే సరిపోయేది. ఆగితే ఓడ మునగదు.

"అది వాకిలిరా," అన్నాడు. "ఇల్లింకా లోపలికుంది. నైరుతికి పోనీ."

"అప్పుడు చెప్పలేదే?"

"అన్నీ నేనే చెప్పేస్తే నువ్వు కనుక్కున్నదేముంటుందిరా?"

ఓడ నైరుతికి, లోతులోకి తిరిగింది. కొన్నాళ్ళకి కాంతం ఫోను చేసింది. "ఇవాళ మంచం అంచున కూర్చున్నాడు నాయనా, కాళ్ళు కింద పెట్టుకుని! ఏం మందు వేశావోగానీ, నువ్వు చల్లగా ఉండాలి."

"ఫర్లేదండి పిన్నిగారూ," అని ఫోను పెట్టేసి, బాబీ కొట్టు వెనక్కి వెళ్ళి గోడవారగా కూర్చుండిపోయాడు.

మర్నాడు అభిషేక్ మెసేజీ పెట్టాడు: "బలం ఇంక ఒక్క వంతుకే ఉంది. నేల పక్కనే కదా?"

వంతు బాబీ చేతిలో ఉంది. అతను ఆడి పంపితే అభిషేక్ ఓడ కదుపుతాడు, ఓడ మునుగుతుంది. పంపకపోతే కదలదు, మునగదు. బాబీ పంపలేదు. కొట్టు ఫోను నుంచి చేసి, తన ఫోను చెరువులో పడిందని చెప్పాడు. దాన్ని ఒక బొచ్చె చేప మింగిందని, ఆ బొచ్చె ఐసులో సర్దుకుని కలకత్తా లారీ ఎక్కేసిందని, అక్కడినుంచి రోజుకొక మిస్డ్ కాల్ ఇస్తోందని చెప్పాడు. మొదట అభిషేక్ నవ్వాడు. తర్వాత "ఊఁ" అన్నాడు. తర్వాత ఫోనెత్తడం మానేశాడు.

ఈసారి కొట్టు ఫోనుకి జాయ్సీ చేసింది. "బాబీ గారూ, ఆయన కాళ్ళు ముట్టుకోనివ్వట్లేదండి. మీ వంతు వచ్చేదాకా వద్దంటున్నారు. ఎడం మోకాలు అప్పుడే బిగుస్తోంది. ఆ ఆడేదేదో ఆడెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

ఆడితే ఒక రకంగా పోతుంది, ఆడకపోతే ఇంకో రకంగా పోతుంది. బాబీ బస్సెక్కాడు. దారి పొడుగునా చెరువులే. వాటివైపు చూడలేక తలొంచుకుని కూర్చున్నాడు.

అభిషేక్ గోడకేసి తిరిగి ఉన్నాడు. గడ్డం మాసింది. పళ్ళెంలో అన్నం ఎండిపోయి ఉంది.

"ఫోను చేప మింగింది కదా," అన్నాడు తల మాత్రం ఇటు తిప్పి. "మరి నీ జేబులో వెలుగుతున్నదేంటి?"

"ఇది ఆ చేప పంపించిన కొత్తదిరా."

ఎవరూ నవ్వలేదు.

"ఇలా ఇవ్వు."

బాబీ ఇచ్చాడు. అభిషేక్ ఆట తెరిచాడు. బాబీ పటం వచ్చింది: కొండకోట, దాని వెనక ఎర్రజెండాలు, పడమటికి సన్నగా తెరుచుకున్న ఒక దారి, చివర లేత నీలం గడులు. ఆ పైన అంతా నలుపు. అభిషేక్ వేలితో పటాన్ని పక్కకి జరిపాడు. ఇంకా జరిపాడు. నలుపు ఎక్కడా విడలేదు.

"నీ ఓడేది?"

బాబీ ఫోను కోసం చెయ్యి చాచాడు.

"నేలేదిరా?"

గుమ్మంలో కాంతం నిలబడింది. ఆమె వెనక జాయ్సీ.

"అది... అప్‌డేటు వచ్చినప్పుడు పటమంతా చెరిపే..." అని మొదలుపెట్టిన బాబీ మధ్యలోనే ఆపేశాడు. అభిషేక్ అతని మొహంలోకే చూస్తున్నాడు. ఇంకా నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు. అదే బాబీ తట్టుకోలేకపోయాడు.

"లేదురా. ఎవరూ చెరపలేదు. నేను చూళ్ళేదు. నీళ్ళు లేతగా ఉంటే పక్కన నేలుంటుందనుకున్నాను. నా ఓడ అక్కడిదాకా కూడా వెళ్ళలేదు."

"నైరుతి?"

"అదీ నోటికొచ్చింది చెప్పాను. ఆ లేత నీళ్ళలో ఆగిపోతే మునిగేవాడివి కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పంపించాను. నువ్వు మళ్ళీ గోడకేసి తిరుగుతావని భయమేసిందిరా, అంతే. అక్కడ ఏమీ లేదు."

అభిషేక్ ఫోను మంచం మీద బోర్లించి, మళ్ళీ గోడకేసి తిరిగాడు.