‘మనం’ ఎంత తూగింది

పొద్దున్న ఆరింటికల్లా సుబ్బాయమ్మ ధవళేశ్వరం ఆనకట్ట పక్కన గోనెపట్టా పరిచి, చేపల తట్ట దించి, తక్కెడని కర్రకి వేలాడదీసేది. ఎనిమిదయ్యేసరికి రాజమండ్రి ఆఫీసులకి వెళ్ళే స్కూటర్లు అక్కడ ఆగేవి. కొందరు చేపల కోసం ఆగేవారు, కొందరు మాటల కోసం.

ఆ తక్కెడ చేపలతో పాటు మాటల్నీ తూచేది. ఎడమ పళ్ళెం మీదికి వంగి మాట అంటే, ఆ మాటకున్న బరువు కొద్దీ పళ్ళెం దిగేది. మాణిక్యాంబగారు కొత్తల్లుణ్ణి పట్టుకొచ్చి "మీ అమ్మాయిని బాగా చూసుకుంటానండి" అనిపిస్తే రెండువందల గ్రాములు తూగింది. "కొత్తకదండీ, పెరుగుద్ది లెండి" అని సుబ్బాయమ్మ సర్దిచెప్పింది. పెళ్ళిళ్ళ పేరయ్య వీరవెంకటసత్యనారాయణ మాత్రం ఆ దారే మానుకుని, కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. తూచి మాట్లాడమని ఊళ్ళో ఎవరైనా అంటే, సుబ్బాయమ్మ దగ్గరికి వెళ్ళమనే అర్థం.

ఆవిడ కూతురు సత్యవాణి హైదరాబాదు యూనివర్సిటీలో ఎమ్మే చదువుతోంది. స్పానిష్ భాష, తులనాత్మక సాహిత్యం. రెండువేల మూడులో ఆ మాట చెబితే అందరూ ఒకటే అడిగేవారు: "స్పానిషంటే జావా లాంటిదా? నేర్చుకుంటే ఉజ్జోగం వస్తదా?" సుబ్బాయమ్మ ఒక్కతే రెండో మాట గురించి అడిగింది.

"తులనాత్మకం అంటే ఏంటే?"

"ఒక భాషలో పాటనీ ఇంకో భాషలో పాటనీ పక్కపక్కన పెట్టి చూడటమమ్మా."

"అంటే తూయడవేగా! దానికి హైదరాబాదు దాకా ఎందుకెళ్ళావే?" అని నవ్వింది సుబ్బాయమ్మ.

ఆ వేసవిలో సత్యవాణి నవ్వే స్థితిలో లేదు. స్పెయిన్‌లో ఓ సముద్రపు పల్లెలో బెస్త ఆడవాళ్ళు పాడుకునే పాటని తెలుగు చేసి, ఇక్కడి పాటలతో పోల్చి రాయాలి. గైడు ప్రసన్నకుమారి మేడం రెండుసార్లు ఆఖరి పాదం కింద ఎర్రగీత గీసి కాగితాలు వెనక్కి ఇచ్చేశారు. "ఈ వాక్యం తేలిపోయిందమ్మా. సోమవారం వైవాలోనూ ఇలాగే ఉంటే నేను సంతకం పెట్టలేను" అన్నారు. సంతకం లేకపోతే డిగ్రీ లేదు. రాజమండ్రిలో చీరల కొట్టువాళ్ళు సేల్స్‌గర్ల్‌గా ఎప్పుడొస్తావని రెండుసార్లు కబురు పెట్టి ఉన్నారు. చీరలంటే ఆ పిల్లకి కోపం లేదు కానీ, జీవితమంతా మడతలు పెట్టడం తల్చుకుంటే గుండె జారిపోయేది.

శుక్రవారం పొద్దున్న కాగితం పట్టుకుని తక్కెడ ముందు కూర్చుంది. "మేము ఇంకా ఒడ్డుకి చేరలేదు" అని చదివింది. పళ్ళెం కదల్లేదు. "మేమింకా తీరం చేరనేలేదు" అని మార్చింది. లేదు. "తీరమును" అని గ్రాంథికంలోకి దిగింది. పళ్ళెం దిగకపోగా కాస్త పైకి లేచింది.

సుబ్బాయమ్మ బొచ్చెచేపకి పొలుసు తీస్తూ వింటోంది. ఎదురుగా మాణిక్యాంబగారు ఆ బొచ్చె కోసమే నిలబడి ఉన్నారు.

"ఎవరే ఆ అంటున్నోళ్ళు?"

"ఆడవాళ్ళమ్మా. మొగుళ్ళు వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఒడ్డున నిలబడి పాడుతున్నారు."

"ఒడ్డు మీద నిలబడి ఒడ్డుకి చేరలేదంటారేంటే, చోద్యం కాకపోతే?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. పైగా పాటలో తప్పుంది. 'మేము' అనడానికి స్పానిష్‌లో ఆడవాళ్ళే ఉంటే 'నోసోత్రాస్' అనాలి. ఒక్క మగవాడున్నా 'నోసోత్రోస్' అవుతుంది. వీళ్ళేమో అందరూ ఆడవాళ్ళై ఉండి నోసోత్రోస్ అంటున్నారు. చదువు లేనివాళ్ళు కదా, పొరపాటున అనుంటారని నేను 'మేము' అని రాసేశాను."

సుబ్బాయమ్మ కత్తి కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"పొరపాటు కాదే. మగోళ్ళని కలుపుకునే అంటన్నారు. ఆళ్ళు రాందే ఈళ్ళు ఒడ్డున ఉన్నా లేనట్టే. ఆళ్ళతోనే చెప్తన్నారు."

తర్వాత పళ్ళెం మీదికి వంగి, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టుగా అంది: "మనం ఇంకా ఒడ్డుకి చేరలేదు."

పళ్ళెం దబ్బున నేలకి తగిలింది. కర్ర వంగిపోయింది. సత్యవాణి అవతలి పళ్ళెంలో కిలో రాయి వేసింది, రెండు కిలోలది వేసింది, ఐదు కిలోలదీ వేసింది. ఇవతలి పళ్ళెం లేవలేదు.

"మరి నా చేప దేంతో తూస్తావు సుబ్బాయమ్మా?" అన్నారు మాణిక్యాంబగారు.

"చేత్తో చూసి ఇచ్చేత్తాను లెండి, ఇయ్యాల్టికి."

సత్యవాణి తండ్రి వీరబాబు తొంభై ఆరు తుఫానుకి ముందురోజు బావమరిది పడవలో సముద్రానికి వెళ్ళాడు. పడవా రాలేదు, మనుషులూ రాలేదు. ఆ ఏడేళ్ళలో తల్లి నోట 'మనం' అన్న మాట సత్యవాణి వినలేదు. "నేనూ, పిల్లా" అనేది, అంతే. హాస్టల్ ఫారంలో కుటుంబసభ్యులు ఎంతమంది అన్నచోట ఇద్దరు అని తను టకటకా రాసేయడం గుర్తొచ్చి ఆ పిల్లకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

ఆదివారం రైలెక్కేముందు సుబ్బాయమ్మ తక్కెడని తువ్వాల్లో చుట్టి కూతురి సంచీలో పెట్టింది. "అట్టుకెళ్ళు. నాలుగ్రోజులు పక్కింటి చిట్టియ్య కాటాతో సరిపెట్టుకుంటాను."

సోమవారం మేడం గదిలో చేపల వాసన వేసింది. ప్రసన్నకుమారి గారు కళ్ళజోడు సర్దుకుని, తక్కెడని కిటికీ చువ్వకి తగిలించమన్నారు. "చదవమ్మా" అన్నారు.

సత్యవాణి వంగి, "మనం ఇంకా ఒడ్డుకి చేరలేదు" అని చదివింది. పళ్ళెం కొంచెం ఊగి, ఆగిపోయింది. అమ్మ మాట అమ్మదే, అరువు తెచ్చుకుంటే తూగదు కాబోలు అనుకుంది. చీరల కొట్టు కళ్ళముందు కదిలింది.

మేడం కాగితం వైపు చూస్తూ మామూలుగానే అడిగారు: "ఈ 'మనం'లో ఎంతమందమ్మా?"

"పాటలో ఎంతమందో తెలీదండి." సత్యవాణి మళ్ళీ పళ్ళెం మీదికి వంగింది. "మా ఇంట్లో అయితే ముగ్గురమండి."

కిటికీ చువ్వ కిర్రుమంది. పళ్ళెం దిగుతూ దిగుతూ వచ్చి గచ్చు మీద ఆగింది. ప్రసన్నకుమారి గారు దానికేసి చూసి, పెన్ను మూత తీసి సంతకం పెట్టారు.

గేటు దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి సత్యవాణి చిట్టియ్య ఇంటికి ఫోన్ చేసింది. సుబ్బాయమ్మ రొప్పుకుంటూ వచ్చి అందుకుంది.

"ఏమైందే?"

"మనం పాసయ్యామమ్మా."

"మనవేనా?" అంది సుబ్బాయమ్మ మెల్లిగా.

"మనమే."

భుజాన తక్కెడున్న సంచీ ఒక్కసారిగా బరువెక్కింది, పట్టీ భుజంలోకి దిగింది. సత్యవాణి దాన్ని దించలేదు. అలాగే మోసుకుంటూ హాస్టల్ దాకా నడిచి, ఆఫీసు గదిలో తన ఫారం అడిగి తీసుకుని, 'ఇద్దరు' కొట్టేసి 'ముగ్గురు' అని రాసింది.