ఇంటి మీద పడ్డ రాజుగారి చెట్టు

అక్టోబరు గాలివానకి మా బావ జోథమ్ పిల్స్‌బరీ ఇంటి మీద రాజుగారి చెట్టు పడింది.

మామూలు చెట్టయితే ఆ పూటే నా రంపపు మిల్లుకి ఈడ్పించి పలకలు కోసేసేవాణ్ణి. కానీ దీని మొదలు దగ్గర మూడు గొడ్డలి వేట్లతో వేసిన బాణం గుర్తుంది. మా న్యూ హాంప్‌షైర్‌లో ఇరవై నాలుగు అంగుళాల లావు దాటిన తెల్ల పైన్ చెట్టు ఎవడి పొలంలో మొలిచినా ఇంగ్లండు రాజుగారి ఓడలకి తెరచాప స్తంభమే. ఇది ముప్పై అంగుళాల చెట్టు. కప్పు చీల్చుకుని దిగి, ముందు గోడ మీదా వెనక గోడ మీదా ఆనుకుని, సరిగ్గా భోజనాల బల్లకి మూరెడు ఎత్తున ఆగింది.

నేను గొడ్డలి పట్టుకుని పరిగెత్తాను. జోథమ్ గుమ్మంలో చేతులు బార్లా చాపి అడ్డం నిలబడ్డాడు.

"బావా, గొడ్డలి కింద పెట్టు. అది రాజుగారి సొత్తు."

"నీ నెత్తి మీద పడిందయ్యా!"

"ఎక్కడ పడితేనేం? ఎవరిది వాళ్లదే."

మా చెల్లెలు హిట్టీ ఏడు నెలల కడుపుతో చెట్టు కింద నుంచి వంగి బయటికొచ్చింది. "చూశావా అన్నయ్యా! మంచు పడే వేళకి నాకు నెత్తిన కప్పు లేకపోయినా సరే, రాజుగారికి మాత్రం దుంగ తగ్గకూడదట ఈయనకి."

జోథమ్ తానే పోయి అడవుల తనిఖీదారు ఫిచ్‌ని పిల్చుకొచ్చాడు. ఆయన మూడు రోజుల తరువాత వచ్చి, చెట్టుని కొలిచి, విరిగిన కొమ్మలు లెక్కపెట్టి, కాగితం తీశాడు.

"ఇల్లు రాజుగారి చెట్టుకి అడ్డం వచ్చింది," అని పైకి చదువుతూ రాసుకున్నాడు.

"ఇల్లు కదల్లేదండి. చెట్టే వచ్చింది," అన్నాడు జోథమ్ వినయంగా.

"రాజుగారి చెట్టు మీద ఫిర్యాదు చేస్తావా?"

"అయ్యో, లేదండి!"

"అయితే ఇల్లే. లండన్ నుంచి హుకుం వచ్చేదాకా చెట్టుని కదపకూడదు. కింద పొయ్యి వెలిగించకూడదు. సెగ తగిలితే జిగురు కారిపోతుంది."

"చలికాలం వస్తోంది కదండీ?"

"కోటు తొడుక్కో."

"హుకుం ఎప్పటికొస్తుందండీ?"

"గాలి అనుకూలిస్తే వసంతానికి."

హిట్టీ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "దీనికి గాలితో పనిలేదు దొరగారూ. డిసెంబరులో వచ్చేస్తుంది."

ఫిచ్ అది రాసుకోలేదు.

వారం రోజులు వాళ్లు చల్లటి మొక్కజొన్న రొట్టె తింటూ, గదిలో పడే వాన చూస్తూ గడిపారు. ఎనిమిదో రోజు జోథమ్ మొహం వెలిగిపోతూ మిల్లుకి వచ్చాడు. "బావా! చెట్టుని కదపకూడదన్నారు. ఇంటి మాట ఎత్తలేదు!"

మా వైపు ఇల్లు నచ్చిన చోటికి లాక్కుపోవడం కొత్తేం కాదు. కింద దుంగలు వేస్తారు, ఊళ్లో ఎద్దులన్నీ కడతారు, ఆపిల్ కల్లు పీపా ఒకటి తెరుస్తారు, సాయంత్రానికి ఇల్లు అవతలి పొలంలో ఉంటుంది. కానీ ఇంటికి అడ్డంగా చెట్టున్నప్పుడు లాగిన వాళ్లెవరూ లేరు. అందుకని నడిమికి రెండుగా కోసేశాం. పొగగొట్టం ఉన్న వైపు ఇటుకలు విప్పి పేర్చుకున్నాం. ఇరవై జతల ఎద్దులు మొదటి సగాన్ని తూర్పుకి లాగాయి. చెట్టు కదల్లేదు. జోథమ్ టోపీ తీసి దేవుడికి దండం పెట్టాడు. రెండో సగం పడమరకి కదిలింది. చెట్టు దబ్బున పొయ్యి రాతి మీద పడి, నడుం విరిగి రెండు ముక్కలైంది.

ఫిచ్ ఈసారి మర్నాడే వచ్చాడు. "రాజుగారి స్తంభానికి ఊతంగా ఉన్న గోడని తీసేశావు!"

"మొన్న అడ్డం అన్నారు కదండీ?"

"ఉన్నప్పుడు అడ్డం. తీశాక ఊతం."

రెండు సగాలూ జప్తు అన్నాడు. బంట్రోతు చేత ఇంటి గోడల మీద చెరొక బాణం కొట్టించి వెళ్లిపోయాడు. ఆ వెనకే తొలి మంచు రాలడం మొదలైంది. హిట్టీ తూర్పు సగంలో ఉన్న మంచం మీద కూర్చుని, తన శాలువా మీద పడుతున్న మంచు దులుపుకుంది. ఒకసారి దులిపింది. మళ్లీ దులిపింది.

జోథమ్ చాలాసేపు ఆమెనే చూశాడు. తరువాత నా చేతిలో గొడ్డలి లాక్కున్నాడు.

"మిల్లు తిప్పే నీళ్లు ఇంకా పారుతున్నాయా?"

"గడ్డకట్టలేదు."

చెట్టు మిల్లెక్కింది. నేను అలవాటుగా అంచులు చెక్కబోయాను. ఊళ్లో ఎవరింట చూసినా నేల పలకలు ఇరవై మూడు అంగుళాలే. అంతకు మించిన చెట్టు మేమెవరమూ నరకనట్టు లెక్క. అన్నాళ్లూ ఆ సంగతి తెలియనివాడు జోథమ్ ఒక్కడే. చెప్పాను.

"చెక్కొద్దు," అన్నాడు. "ముప్పై ఉంటే ముప్పై ఉండనీ."

ఎద్దులు సగాలను వెనక్కి తెచ్చాయి. ఊరంతా దిగి రెండు రోజుల్లో ఇల్లు అతికి, నడిమి ఖాళీలో ఆ పలకలు పరిచి, కప్పు మూసి, పొయ్యి కట్టింది. బిడ్డ ఆడపిల్ల, వెచ్చగా పుట్టింది.

ఫిచ్ వచ్చేటప్పటికి లోపల పద్దెనిమిదిమందిమి కల్లు తాగుతున్నాం. ఆయన గుమ్మం దాటి నేల చూశాడు. కూర్చుని కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"ముప్పై!" అని అరిచాడు. "మీరంతా రాజుగారి సొత్తు మీద నిలబడ్డారు!"

"మీరూ దాని మీదే ఉన్నారు దొరగారూ," అంది హిట్టీ మంచం మీంచి. "బూట్లు విప్పండి."

ఎవరూ నవ్వలేదు. పద్దెనిమిదిమందీ చెంబులు కింద పెట్టారు. ఫిచ్ ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వెనక్కి అడుగులేసి, గుర్రం ఎక్కి పోయాడు.

జోథమ్ తలుపు మూసి నా పక్కన కూలబడ్డాడు.

"బావా, వెనక కొండ మీద గుర్తులు కొట్టిన చెట్లెన్ని ఉంటాయి?"

"నలభై దాకా ఉంటాయి."

"పొద్దున్నే ఎద్దుల్ని తోలుకురా."